ఇంట్లో ముగ్గురం

నవంబరు 5, మంగళవారం

వనపర్తి సదస్సుకు నా పేరు ఖాయమైంది. 'అభివృద్ధి చెందిన దేశాల తలసరి ఆదాయం: ఒక పోలిక.' ఇరవై నిమిషాలు మాట్లాడాలి. ప్రిన్సిపాల్ స్టాఫ్ రూంలో అందరి ముందూ చెప్పారు. పదహారేళ్ళుగా ఇంటర్ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతున్నాను, ఇన్నేళ్ళలో కాలేజీ గేటు దాటి నన్ను ఎవరూ ఒక మాటకు పిలిచిన పాపాన పోలేదు.

ఇంటికొచ్చి చెబితే నాగేష్ మగ్గం గుంతలోంచి తల కూడా ఎత్తలేదు. "మంచిగైంది" అన్నాడు. కట్టుకున్న మొగుడి సంతోషం అంతే. ఆయన అక్క, మా వదినే నయం. నూలు కండెలు చుట్టే రాట్నం ఆపి, "గాడ ఏం చెప్తవు మాలతీ?" అని అడిగింది. ఏ దేశంలో మనిషికి ఎంత ఆదాయమో చెబుతానన్నాను.

"అన్ని దేశాల మనుషులను ఎవలు లెక్కపెట్టిండ్రు?"

"ఏ దేశం సర్కారు ఆ దేశంలో లెక్కపెడుతుంది వదినె."

"మస్తు ఓపిక" అని మళ్ళీ రాట్నం తిప్పుకుంది.

నవంబరు 7, గురువారం

మొదట ఒక చిన్న ఉదాహరణతో ఎత్తుకోవాలి. మా ఇంటినే తీసుకున్నాను. నా జీతం నలభై రెండు వేలు, నాగేష్ మగ్గం మీద పద్దెనిమిది. మొత్తం అరవై. మనుషులు ముగ్గురు. అరవైని మూడుతో భాగిస్తే ఇరవై వేలు. అదే మా ఇంటి తలసరి ఆదాయం. శేషం లేకుండా ఎంత చక్కగా పోయిందో. దేశమైనా ఇంతే, సున్నాలే ఎక్కువ.

నవంబరు 9, శనివారం

ఈరోజు ఇంటింటి సర్వేకు వచ్చారు. అంగన్‌వాడీ టీచర్ మంజుల, పాత బస్టాండు వైపు ఉంటుంది. ఫారాల కట్ట చంకలో పెట్టుకుని పొద్దుటినుంచి వీధులన్నీ తిరిగి అలిసిపోయి ఉంది. కుర్చీ వేసి నీళ్ళిచ్చాను. నేను అర్థశాస్త్రం చెబుతానని తెలిసి, "అయితే మీకు నేను సమజ్ చేసే పన్లే మేడం" అంది. ఆ మాటకు కొంచెం పొంగిపోయాను కూడా.

"ఇంట్ల ఎంతమంది మేడం?"

"ముగ్గురం" అన్నాను. నేను, నాగేష్, నందిని. నందిని నాగర్‌కర్నూలులో నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటుంది, పండక్కో పబ్బానికో తప్ప ఇంటి ముఖం చూడదు. అయినా రాయించాను. కన్న కూతురిని రాయించకుండా ఎట్లా?

మంజుల పెన్నుతో నడిమింటి వైపు చూపించింది. "మరి గా అమ్మ?"

"మా ఆడబిడ్డ దేవమ్మ. ఆమె రేషన్ కార్డు ఆత్మకూరులో ఉంది, అత్తగారింట్లో. అక్కడ రాస్తారు."

"ఏమన్న పని చేస్తరా ఆమె?"

"లేదు. ఊరికే ఇంట్లో ఉంటుంది."

అప్పుడే నడిమింట్లో రాట్నం ఆగింది. దారం తెగినట్టుంది.

ఇందులో తప్పేముంది? ఒక మనిషిని రెండు చోట్ల లెక్కపెట్టకూడదు. జనాభా లెక్కల్లో మొదటి పాఠమే అది. నేనే పిల్లలకు చెబుతాను. వదిన రాత్రి అన్నం తినేటప్పుడు మామూలుగానే ఉంది. కూరలో ఉప్పు తక్కువైందని కూడా అంది. మామూలుగానే ఉంది.

నవంబరు 10, ఆదివారం

నిన్న రాట్నం ఆగింది దారం తెగినందుకే. ఈసారి వచ్చిన నూలు నాసిరకం. నాగేష్ కూడా మొన్న ఆ మాటే అన్నాడు.

నవంబరు 11, సోమవారం

వదిన ఆత్మకూరు వెళ్ళింది. పొద్దున్నే తలకు పోసుకుని, ఆకుపచ్చ గళ్ళ చీర కట్టుకుని, చేతిసంచితో వాకిట్లో నిలబడింది.

"సర్వేటోళ్ళు ఆడికి గూడ వస్తరంట. నా కార్డు ఆడనే ఉంది గద, మనిషి లేకుంటె ఎట్ల రాస్తరు? పోయి రాయించుకోని వస్త. నాలుగు దినాలు."

మనిషి ఎదురుగా ఉండనక్కర్లేదు, ఇంట్లో ఎవరు చెప్పినా రాసుకుంటారు. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. చెబితే, 'మరి నువ్వెందుకు చెప్పలే?' అని అడిగేదేమో. అడిగే మనిషి కాదు లెండి. ఎవరితో అంటున్నాను 'లెండి' అని? నా పిచ్చి.

నాగేష్ బస్సెక్కించి వచ్చాడు. వచ్చాక చూస్తే కండెల బుట్ట నిండా ఉంది. నాలుగు రోజులకు దోసెడు కండెలు చాలు. మగ్గం మీదున్న చీర మొత్తానికీ సరిపడా చుట్టి పెట్టింది. ఎప్పుడు చుట్టిందో తెలియదు. తెల్లవారుజామున రాట్నం చప్పుడు వినిపించినట్టే ఉంది, నేను అటు తిరిగి పడుకున్నాను.

పెళ్ళైన మూడో ఏడే మొగుడు పోయి, ఇరవై నాలుగేళ్ళ కింద ఈ ఇంటికి తిరిగొచ్చింది వదిన. నాకంటే ముందు నుంచీ ఉంది. నేను ఎం.ఏ. పరీక్షలు రాసినప్పుడు మూడు నెలల నందినిని ఒళ్ళో వేసుకుని హాలు బయట వేపచెట్టు కింద కూర్చుంది ఆమే. గంటకొకసారి పాపను కిటికీ దగ్గరికి తెచ్చి చూపించేది. ఇన్విజిలేటర్ కసిరితే వెనక్కి పోయేది, మళ్ళీ వచ్చేది.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో. నాలుగు రోజుల్లో వస్తుంది కదా.

నవంబరు 13, బుధవారం

దేశాల పట్టిక తయారైంది. అన్నిటికంటే పైన లక్సెంబర్గ్. తర్వాత ఐర్లాండు, స్విట్జర్లాండు, నార్వే. జపాన్ ఎక్కడో కింద. జపాన్ వాళ్ళు అంత కష్టపడతారే, మరి ఈ లక్సెంబర్గ్ వాళ్ళకు కొమ్ములున్నాయా అని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. దేశం చూస్తే మన గద్వాల జిల్లా అంత. జనం కూడా ఇంచుమించు మన జిల్లా జనమే.

ఈరోజు దొరికింది కిటుకు! రోజూ పొద్దున పక్క దేశాలనుంచి, ఫ్రాన్సు, బెల్జియం, జర్మనీల నుంచి, రెండు లక్షల మందికి పైగా రైళ్ళలో కార్లలో వచ్చి అక్కడ పనిచేసి సాయంత్రానికి ఇళ్ళకు పోతారట. వాళ్ళ కష్టం దేశం ఉత్పత్తిలో కలుస్తుంది. వాళ్ళు మాత్రం జనాభాలో లేరు. పైన లవంలో వాళ్ళ పని ఉంది, కింద హారంలో వాళ్ళు లేరు. అందుకే అంత పెద్ద సగటు.

ఐర్లాండుది ఇంకో రకం మాయ. పెద్ద పెద్ద విదేశీ కంపెనీల లాభాలన్నీ అక్కడ లెక్క రాస్తారు, ఆ డబ్బు ఆ దేశపు మనిషి జేబులోకి రాదు. కానీ నాకు లక్సెంబర్గే నచ్చింది. నా ప్రసంగానికి ప్రాణం ఇదే. సంతోషం పట్టలేక నాగేష్‌కు చెప్పబోయాను. పొయ్యి మీద పాలు పొంగాయి. ఎప్పుడూ పాలు చూసుకునేది వదినే కాబట్టి నాకు ధ్యాసే లేదు.

నవంబరు 15, శుక్రవారం

సెకండియర్ వాళ్ళ ముందు ఒకసారి ప్రసంగం చెప్పి చూసుకున్నాను. లక్సెంబర్గ్ దగ్గర అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. పావని లేచింది. ఆ పిల్ల ఏటా పత్తివిత్తనం చేలల్లో పూలు కలిపే పనికి పోతుంది, ఆ పని దినాల్లో హాజరు ఉండదు.

"మేడం, మరి వాళ్ళను ఏ దేశంల లెక్కపెడతరు?"

"వాళ్ళ సొంత దేశంలో. కార్డు ఎక్కడుంటే అక్కడ."

"ఆడ గూడ పెట్టకపోతే?"

"అట్లా జరగదు" అన్నాను. కూర్చోమన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను.

నాలుగు రోజులు అయిపోయాయి. ఆత్మకూరులో వదిన మరిది కొడుకు చెన్నయ్యకు నాగేష్ ఫోన్ చేశాడు. "పెద్దమ్మ మంచిగనే ఉంది" అన్నాడట.

నవంబరు 17, ఆదివారం

మగ్గం నడవడంలేదు. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచు పట్టు. రెండూ కలిసేచోట పోగుకు పోగు చేత్తో మెలెయ్యాలి. అందుకు నేసే మనిషి పక్కన రెండో మనిషి కూర్చోవాలి. ఇన్నేళ్ళూ ఆ పీట వదినది. పక్క వీధి భీమమ్మను పిలిపించాడు నాగేష్. ఆమె రోజుకు నాలుగు వందలు అడిగింది. ఇచ్చాం. మధ్యాహ్నానికే నాగేష్ పోగు నడిపే నాడె కింద పడేసి లేచాడు.

"అక్క కూసుంటె దినానికి ఇంత నేస్తుంటి" అని చెయ్యి చాచి చూపించాడు. "ఈమెతోటి జానెడు గూడ అయితలే. ఆమెకు చెప్పపని లేకుండె. నా చెయ్యి లేస్తుండంగనే ఆమె చెయ్యి వస్తుండె."

రోజుకు నాలుగు వందలైతే నెలకు ఎంత, ఏడాదికి ఎంత, ఇరవై నాలుగేళ్ళకు... లెక్క వేయలేదు. తలనొప్పిగా ఉంది.

"నేను పోయి అక్కను తోల్కొస్త" అన్నాడు.

"సదస్సు అయిపోనీ. నేనే వస్తాను. నువ్వొక్కడివే పోతే రాదు."

"ఎందుకు రాదు?"

నేను కాగితాలు సర్దుకున్నాను. సర్వే రోజు నాగేష్ నూలు కోసం బజారుకు పోయాడు. ఆయనకు ఏమీ తెలియదు.

నవంబరు 20, బుధవారం

బ్రహ్మాండంగా జరిగింది! హాలు నిండా జనం. ఇరవై నిమిషాలని పిలిచి ముప్పై నిమిషాలు మాట్లాడనిచ్చారు. "ఒక దేశం గొప్పతనం చూసేముందు, అక్కడ పనిచేసి లెక్కలోకి రాని మనుషులెందరో అడగండి" అన్నప్పుడు చప్పట్లు మోగాయి. అధ్యక్షులు శాలువా కప్పుతూ అదే వాక్యాన్ని మళ్ళీ చెప్పారు.

పోయేటప్పుడు బస్సు ఆత్మకూరులో పది నిమిషాలు ఆగింది. నాది కిటికీ పక్క సీటు. అరటిపండ్ల బండి దగ్గర ఆకుపచ్చ గళ్ళ చీర కట్టుకున్న ఒకావిడ నిలబడి ఉంది. వదిన కాదు. వదినైతే దగ్గరికొచ్చి పలకరించదా? నేను నా కాగితాలు చదువుకుంటున్నాను.

వచ్చేటప్పుడు నిద్రపోయాను. ఆత్మకూరు ఎప్పుడు దాటిందో తెలియదు.

నవంబరు 21, గురువారం

ఆకుపచ్చ గళ్ళ చీరలు చాలామందికి ఉంటాయి.

నవంబరు 22, శుక్రవారం

నిద్రపోలేదు. కళ్ళు మూసుకున్నానంతే.

నవంబరు 24, ఆదివారం

ఈరోజు ఆత్మకూరు పోవాల్సింది. పరీక్ష పేపర్ల కట్టలు రెండు మిగిలిపోయాయి, రేపు ఇవ్వాలి. నాగేష్ పొద్దున స్నానం చేసి చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పదకొండింటికి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పేపర్లు దిద్దడం రాత్రికి కూడా అయ్యేది. నాకు ముఖం చెల్లడంలేదు. పోతే ఏమని పిలవాలి? 'ఊరికే ఇంట్లో ఉంటుంది' అని నేనన్న మాట ఆమె విన్నదని నాకు తెలుసు. దారం తెగలేదు. దారం తెగితే వదిన 'అరె' అంటుంది. ఆ రోజు ఏమీ అనలేదు.

వచ్చే ఆదివారం పోతాను. వదినె, తప్పు నాదే అని చెబుతాను. మంజులను పిలిపించి ఆమె ఎదురుగానే పేరు రాయిస్తాను. పని దగ్గర 'నేత' అని రాయిస్తాను. ఆదివారం తప్పకుండా.

నవంబరు 28, గురువారం

వదిన పోయింది.

డిసెంబరు 1, ఆదివారం

ఈరోజే కదా పోదామనుకున్నది.

గురువారం పొద్దున చెన్నయ్య ఫోన్ చేశాడు. రాత్రంతా ఛాతీలో మంట అని పడుకోలేదట. తెల్లారి ఆటోలో వనపర్తి దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. నాగేష్ ఫోన్ పట్టుకుని, "మా ఇంటికి తీస్కొస్త, నా అక్క" అన్నాడు. చెన్నయ్య మర్యాదగానే చెప్పాడు. "అట్ల రివాజు లేదు మామా. అత్తగారింటి కాన్నే చెయ్యాలె. పుట్టింటోళ్ళు బట్ట తెస్తరు గద, గది తీస్కొని రాండ్రి."

బజారుకు పోయి ఒక చీర కొందామన్నాను. నాగేష్ వినలేదు. మగ్గం దగ్గరికి పోయి కత్తెర తీశాడు. మగ్గం మీద ఉన్నది పావు చీరే, గజమున్నర కూడా రాలేదు. మగ్గం మీదున్న చీరను నడుమ కోయడం మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

"అది సావుకారు ఆర్డరు" అన్నాను. నోరు జారింది. భగవంతుడా, ఆ సమయంలో నా నోట వచ్చిన మాట అదీ.

ఆయన నా వైపు చూడలేదు. "ఇందుల సగం ఆమె నేసిందే" అని పోగులన్నీ కోసేశాడు.

నందిని నాగర్‌కర్నూలు నుంచి నేరుగా వచ్చింది. అత్త కాళ్ళు పట్టుకుని ఏడుస్తుంటే ఆపడం ఎవరి వల్లా కాలేదు. వదిన మీద ఆ చీర కప్పాం. ఎరుపు నడుము, పచ్చ అంచు. పాదాల దాకా రాలేదు. పాదాల మీద ఆమె సంచిలో ఉన్న ఆకుపచ్చ గళ్ళ చీర కప్పారు.

అన్నీ అయ్యాక చెన్నయ్య భార్య అంజమ్మ నా పక్కన కూర్చుంది. నేనే అడిగాను, సర్వేలో పేరు రాయించుకుందా అని.

"యాడ రాయించుకునుడు అక్కా? అత్తమ్మ వచ్చేటాల్లకే మా ఇల్లు రాసుకోని పోయిండ్రు. 'పెద్దమ్మ గద్వాలల ఉంటది, ఆడ రాస్తరు' అని మాయన చెప్పిండు. మళ్ళ పిలిపిస్త అంటె అత్తమ్మే వద్దనె. 'ఎందుకు బిడ్డా పరేషాన్, యాడ రాస్తె ఏముంది' అనె."

అంటే వచ్చిన రోజే తెలిసింది. అక్కడా లేదు, ఇక్కడా లేదు.

"మరి తిరిగి రాలేదేం?"

"'మాలతి వస్తది తోల్కపోనీకి' అంటుండె. దినాం పొద్దుగాల గద్వాల బస్సు టైముకు బస్టాండుకు పోతుండె. ఒక దినమైతే మస్తు ఖుషీగ వచ్చింది అక్కా. 'మా మరదలు బస్సుల పోతుండె, వనపర్తిల పెద్ద పెద్దోళ్ళకు పాఠం చెప్పనీకి. కాగితాలు సదువుకుంటుండె, ఎందుకు కరాబు చెయ్యాలె అని పిల్వలే' అని వాడంత చెప్పుకొచ్చింది. గా దినం ఇంటింటికి అరటిపండ్లు గూడ పంచింది."

అంజమ్మ ఇంకా ఏదో చెబుతోంది. నాకు వినబడలేదు. నేను చూశాను. ఇక్కడైనా నిజం రాస్తాను. నేను చూశాను, ఆమె అని తెలుసు, తెలిసే తల దించుకున్నాను. పది నిమిషాలు. బస్సు దిగి నాలుగడుగులు వేస్తే అరటిపండ్ల బండి. ఆమె నన్ను చూసి మురిసిపోయింది. నేనేమో ఆమె అక్కడినుంచి ఎప్పుడు కదిలిపోతుందా అని చూశాను.

డిసెంబరు 4, బుధవారం

బుట్టలో కండెలు అట్లనే ఉన్నాయి.

డిసెంబరు 6, శుక్రవారం

క్లాసులో పావనిని లేపి, ఆ రోజు నేను చెప్పింది తప్పని చెప్పాను. ఎక్కడా లెక్కలోకి రాని మనుషులు ఉంటారని చెప్పాను.

"ఏ దినం మేడం?" అంది. ఆ పిల్లకు గుర్తే లేదు.

డిసెంబరు 9, సోమవారం

సదస్సు ప్రసంగాలు పుస్తకం వేస్తున్నారట, నాది రాసి పంపమన్నారు. మొదటి ఉదాహరణ దగ్గరే ఆగిపోయాను. అరవై వేలు, ముగ్గురు. నలుగురు అని దిద్దాను. పదిహేను వేలు వచ్చింది. అన్నేళ్ళూ మా ఇంటి తలసరి అదన్నమాట. నేను ఐదు వేలు ఎక్కువ చేసి చెప్పుకున్నాను. మళ్ళీ చూస్తే ఆ అరవైలో మగ్గం పద్దెనిమిది ఇప్పుడు లేదు. నాగేష్ గుంతలోకి దిగడంలేదు. గుంత గట్టు మీద కూర్చుని పోగులు లేని మగ్గం చూస్తుంటాడు.

సర్వే రోజు ఏం జరిగిందో నిన్న ఆయనకు చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "అక్క నాకు చెప్పలే" అన్నాడు, అంతే.

కాగితం పంపలేదు.

డిసెంబరు 12, గురువారం

మంజుల మళ్ళీ వచ్చింది. కొన్ని ఇళ్ళు సరిచూడమన్నారట, అందులో మాది ఒకటి. పాత ఫారం తెచ్చుకుంది. అదే కుర్చీ వేశాను, నీళ్ళిచ్చాను. నాగేష్ మగ్గం దగ్గర కూర్చుని ఉన్నాడు.

"ఇంట్ల ఎంతమంది మేడం?"

నలుగురం అందామని నోరు తెరిచాను. నెల రోజులుగా కూడబలుక్కున్న జవాబు అది. దేవమ్మ, వయసు యాభై ఒకటి, పని నేత.

"మేడం?"

"చనిపోయినవాళ్ళను రాస్తారా?" అని అడిగాను.

"లే మేడం. ఇప్పుడున్నోళ్ళనే. ఎవలన్న పోయిండ్రా మీ ఇంట్ల?"

"మా అక్క" అన్నాడు నాగేష్, అక్కడినుంచే.

"అయ్యో" అని మంజుల గబగబా పాత ఫారం తిప్పి, వేలు పెట్టి పేర్లు వెతికింది. మూడే ఉన్నాయి. ఇంకోసారి చూసింది. "ఆమె పేరు ఇందుల లేదు గద మేడం?"

"లేదు."

"అయితే కొట్టేసేది గూడ ఏం లేదు. గప్పుడు ముగ్గురే, ఇప్పుడు ముగ్గురే" అంది. ఫారం చివర 'మార్పు లేదు' అని ఉన్నచోట టిక్కు పెట్టి, నాకు పెన్ను ఇచ్చింది. నేను సంతకం చేశాను.